సరమ మొర

మనకు దక్కిన తెలుగు కావ్యములలో మొదటిది నన్నయభట్టారకుని ఆంధ్రమహాభారతము. 11వ శతాబ్దమున రాజమహేంద్రవరములో రాజరాజనరేంద్రుని కొలువున అది వెలసినది. అవతారికయు పర్వముల పట్టికయు ముగిసి కథ మొదలు కాగానే పాఠకునకు ఎదురగునది పాండవులు కారు, కౌరవులును కారు. దెబ్బలు తిన్న ఒక కుక్కపిల్ల. ఈ సంగతిని చాలమంది గమనింపరు. ద్రౌపదీ స్వయంవరము, ఖాండవదహనము మొదలైన పెద్ద ఘట్టముల కొరకు పుటలు త్రిప్పువారికి ఈ చిన్న కథ కంటబడకపోవుట వింత కాదు.

జనమేజయ మహారాజు దీర్ఘసత్రమను యాగము చేయుచుండెను. దేవలోకపు శునకమైన సరమకు సారమేయుడను బిడ్డ కలడు. ఆ పిల్ల ఆడుకొనుచు యాగశాల కడకు వచ్చెను. రాజు తమ్ములైన శ్రుతసేనుడు, ఉగ్రసేనుడు, భీమసేనుడు దానిని కొట్టిరి. ఈ భీమసేనుడు పాండవులలోనివాడు కాడు, వారి మునిమనుమల తరమువాడు. పిల్ల ఏడ్చుచు తల్లి కడకు పరుగెత్తెను. సంస్కృతమూలములో సరమ వెంటనే బిడ్డ పక్షము వహింపలేదు. నీవేదో తప్పు చేసియుందువని ముందుగా బిడ్డనే అడిగినది. హవిస్సు వంక చూడను లేదు, నాకను లేదు అని పిల్ల చెప్పిన తరువాత గాని ఆమె రాజు సన్నిధికి పోలేదు. ఏ తప్పును చేయని పసివానిని కొట్టితిరి గాన మీకు ఎదురుచూడని భయము వచ్చునని శపించి ఆమె వెడలిపోయెను. రాజు నవ్వలేదు. కుక్క మాట కుక్క మాటయే అని త్రోసివేయలేదు. యాగము ముగిసిన వెంటనే ఆ శాపమునకు శాంతి చేయింపగల పురోహితుని వెదకుచు మునుల ఆశ్రమములకు తిరిగి, శ్రుతశ్రవుడను ముని కుమారుడైన సోమశ్రవసుని తోడితెచ్చుకొనెను.

ఇక భారతము చివరకు పోవుదము. అది తిక్కన సోమయాజి భాగము. ద్రౌపదియు నలుగురు తమ్ములును ఒకరివెంట నొకరు త్రోవలో పడిపోగా ధర్మరాజు వెంట మిగిలినది ఒక కుక్క. ఇంద్రుడు రథము తెచ్చి, నీవు రమ్ము, కుక్కకు మాత్రము స్వర్గమున చోటు లేదనెను. ధర్మరాజు ఎక్కలేదు. శరణు చొచ్చినదానిని విడుచుట మహాపాపమని వాదించెను. ఆ కుక్క ధర్మదేవతయే అని తరువాత తెలియును గాని, వాదించునప్పటికి ధర్మరాజునకు అది తెలియదు. అతని దృష్టిలో అది ఒక మామూలు కుక్క. ఈ కథలోని బలమంతయు అక్కడ ఉన్నది. చాలమంది కథకులు చివరనున్న దేవతను చూపుటకై తొందరపడి ఈ మామూలు కుక్కను మరచిపోవుదురు.

ఆరంభమున కొట్టబడిన కుక్కపిల్ల, అంతమున విడువబడని కుక్క. నడుమ పదునెనిమిది అక్షౌహిణుల యుద్ధము. వ్యాసుడు ఈ రెంటిని కావలెనని ఇట్లు అమర్చెనో, కాలక్రమమున అట్లు అమరెనో పండితులు తేల్చుకొందురు గాక. నేడు దిక్కులేని జంతువులను చేర్చుకొని పోషించు చోటును మనము శరణాలయము అనుచున్నాము. ఆ శరణు అను మాట ధర్మరాజు నోట వచ్చిన మాటయే.

ఐనను మన వాడుకభాష కుక్కకు ఇంత గౌరవము ఇయ్యలేదు. విశ్వాసమునకు కుక్కనే చూపుదుము; దిక్కులేని బ్రతుకును కుక్కబ్రతుకు అందుము. కాలభైరవునకు కుక్కను వాహనముగా చేసి మ్రొక్కుదుము. గుడి మెట్టుమీద పడుకొన్న కుక్కను రాయి తీసి కొట్టుదుము. సుమతీశతకకారుడు శునకమును బంగారు గద్దెమీద కూర్చుండబెట్టినది దానికి గౌరవము చేయుటకు కాదని చదివిన పిల్లలందరికి తెలియును. భాషలో ఇట్టి రెండు తీరులు ఉన్నప్పుడు పిల్లవాడు దేనిని పట్టుకొనునన్నది అతడు చదువు పుస్తకమును బట్టి ఉండును. అందుచేత జంతువులను గూర్చి ఎట్టి పుస్తకములు చదువవలెనన్నది చిన్న ప్రశ్న కాదు.

జంతువుల పుస్తకమనగానే మనకు ముందుగా తోచునది పరవస్తు చిన్నయసూరి నీతిచంద్రిక. 1853లో అచ్చైన ఆ గ్రంథము తెలుగు వచనమునకు నడక నేర్పినది. దాని గొప్పతనమును ఎవరును కాదనలేరు. కాని అందులోని జంతువులు నిజముగా జంతువులేనా? కరటక దమనకులు నక్క తోలు కప్పుకొన్న మంత్రులు. పింగళకుడు సింహపు జూలు పెట్టుకొన్న రాజు. వారి మాటలు, ఎత్తులు, భయములు మనుష్యులవి. ఆ కథలు చదివిన పిల్లవాడు లోకజ్ఞానము నేర్చుకొనును, నక్కను గూర్చి మాత్రము ఏమియు నేర్చుకొనడు. ఒక్క విషయము గమనింపదగినది. మిత్రభేదకథకు మూలమైన సంజీవకమను ఎద్దు అడవిలోనికి ఎట్లు వచ్చెను? బరువు లాగుచు కాలు విరిగి పడిపోగా దాని యజమానియైన వర్తకుడు దానిని అక్కడనే విడిచిపోయెను. కథలో ఇది ఒక మలుపు మాత్రమే. వర్తకుడు తన వ్యాపారమునకు పోవును, పాఠకుడును అతనితోపాటు ఆ వాక్యమును దాటిపోవును. కాలు విరిగిన ఎద్దు ఒంటరిగా అడవిలో గడపిన మొదటి రాత్రి ఎట్లుండెనని ఏ ఉపాధ్యాయుడు పిల్లలను అడిగినాడు?

అనంతామాత్యుని భోజరాజీయములోని గోవ్యాఘ్ర సంవాదము దీనికంటె ఒక మెట్టు ముందుకు పోయినది. పులికి చిక్కిన ఆవు, ఆకలిగొన్న దూడకు పాలిచ్చి మరలి వత్తునని చెప్పి, ఆ మాట నిలుపుకొని తిరిగి వచ్చును. కథ సత్యవ్రతమును గూర్చినదే. ఐనను పొదుగు బరువెక్కిన తల్లి ఆతురత, అర్థము తెలియక పాలు త్రాగు దూడ, ఇవి ఆవుకే చెందినవి. పోతన భాగవతములో రంతిదేవుని కథ ఇంకొక తీరు. నలువదియెనిమిది దినములు అన్నోదకములు లేక ఉన్న రాజు, తనకు దొరికిన కొద్దిపాటి అన్నములో కుక్కలతో వచ్చిన అతిథికి పాలు పంచెను, కుక్కలను వేరుచేయలేదు. గజేంద్రుని కథ చెప్పనక్కరలేదు. అందు మొసలికి కూడ శాపవిమోచనము కలిగినదన్న మాటను మాత్రము పిల్లలకు గుర్తుచేయుట మంచిది. మన జాలి అందమైన జంతువుల దగ్గరనే ఆగిపోవు అలవాటు కలది.

జంతువునే ప్రధానపాత్రగా చేసి, దాని కష్టమును దాని కష్టముగానే చెప్పి, లోకముచేత నడవడి మార్పించిన పుస్తకములు ఇంగ్లీషున పందొమ్మిదవ శతాబ్దమున పుట్టినవి. వానిలో ముందు చెప్పదగినది బ్లాక్ బ్యూటీ. దానిని వ్రాసిన ఆనా సెవెల్ 1820లో ఇంగ్లండున పుట్టెను. పదునాలుగేండ్ల వయసున జారిపడి చీలమండలు చెడగా, ఆమె నాటినుండి సరిగా నడవలేకపోయెను. ఎక్కడికి పోవలెనన్నను గుఱ్ఱపుబండియే దిక్కు. తన కాళ్ళకు బదులు నడచిన ఆ గుఱ్ఱముల బాధ ఆమెకు తెలిసినట్లు ఇతరులకు తెలియదు. జీవితపు తుదియేండ్లలో మంచము పట్టియుండి ఆమె వ్రాసిన ఒకే ఒక పుస్తకము 1877లో వెలువడినది. కొలది నెలలకే, 1878లో, ఆమె మరణించెను. ఆమె దానిని పిల్లల కొరకు వ్రాయలేదు. గుఱ్ఱములతో పని చేయువారి కొరకు వ్రాసెను. గుఱ్ఱము తన కథను తానే చెప్పుకొనును. ఆ కాలపు ధనికులు తమ బండిగుఱ్ఱములు ఠీవిగా కనబడవలెనని వాని తలలను పైకెత్తి బిగించు ఒక పగ్గమును కట్టెడివారు. మెడ వంచుటకు వీలులేక, ఏటవాలు ఎక్కునప్పుడు బలము పట్టలేక అవి పడిన యాతనను సెవెల్ గుఱ్ఱము నోటనే పలికించెను. ఆ పగ్గము వాడుక తగ్గుటకు ఈ పుస్తకము ఎంతో తోడ్పడినది. అమెరికాలో జంతుసంరక్షణ సంఘమువారు 1890లో దీనిని అచ్చువేసి బండ్లు తోలువారికి పంచిరి.

రెండవది బ్యూటిఫుల్ జో. కెనడా దేశమున మీఫర్డు అను ఊరిలో క్రూరుడైన యజమాని చేత చెవులును తోకయు కోయబడిన ఒక కుక్కను వేరొకరు విడిపించి తెచ్చి పెంచుకొనిరి. ఈ సంగతి విన్న మార్గరెట్ మార్షల్ సాండర్సు ఆ కుక్క చేతనే ఆత్మకథ చెప్పించెను. 1890వ దశకమున వెలువడిన ఆ పుస్తకము పదిలక్షల ప్రతులకు పైగా అమ్ముడుపోయినది. ఒక ఇంట దెబ్బలు తిన్న జంతువునకు మరియొక ఇంట చోటు దొరకుటయే అందలి కథ. నేడు మనము దత్తత అనునది అదియే.

ఇట్టి పుస్తకములకును చట్టములకును సంబంధము లేకపోలేదు. ఇంగ్లండులో జంతుహింసా నివారణ సంఘము 1824లో ఏర్పడినది. మన దేశమున మొదటిది 1861లో కలకత్తాలో. స్వాతంత్ర్యము వచ్చిన పిదప నాట్యాచార్యురాలైన రుక్మిణీదేవి అరండేలు రాజ్యసభ సభ్యురాలిగా జంతువుల పక్షమున ఒక బిల్లును తెచ్చిరి. దాని ఫలముగా 1960లో జంతుహింసా నివారణ చట్టము, 1962లో ఆమె అధ్యక్షతన జంతుసంక్షేమ మండలి ఏర్పడినవి. 1965నాటి నిబంధనలు బండి ఎద్దులను గుఱ్ఱములను దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదనియు, ఎండ 37 డిగ్రీలు దాటు ప్రాంతములలో పగలు పన్నెండు మొదలు మూడువరకు కట్టరాదనియు చెప్పినవి. తెలంగాణపు వేసవిలో ఈ నిబంధనను ఎందరు పాటించిరో చెప్పుట కష్టము. 1976లో రాజ్యాంగమునకు చేర్చిన ప్రాథమిక విధులలో ప్రాణులయెడ దయ చూపుట ఒకటి. అది పౌరులందరి విధి. పదునాలుగేండ్ల విద్యార్థికిని ఆ విధి ఉన్నది.

ఇంతవరకు చెప్పినదంతయు వినుటకు బాగుగానే ఉండును. దీనిని హైదరాబాదునకు తూర్పున ఉన్న దమ్మాయిగూడకు తీసికొనిపోయి చూచిన నిలుచునా అన్నది అసలు ప్రశ్న.

దమ్మాయిగూడ కీసర మండలములోని ఊరు. ఉప్పలు, నాచారము, ఈసీఐఎల్ వైపు కర్మాగారములలోను కార్యాలయములలోను పనిచేయువారు ఇండ్లు కట్టుకొనుచు రాగా, పొలములు పోయి కాలనీలు వెలసి, అది పురపాలక సంఘమైనది. దానిని ఆనుకొని జవహర్ నగరు ఉన్నది. హైదరాబాదు మహానగరపు చెత్త దినదినము వేల టన్నుల లెక్కన అక్కడకు చేరును. చెత్త ఉన్నచోట ఎంగిలి ఉండును, ఎంగిలి ఉన్నచోట కుక్కలు ఉండును. కుక్కలు ఎక్కువైనవని ఫిర్యాదు చేయు గృహస్థుడు రాత్రి ఎంగిలాకులను ప్లాస్టిక్ సంచిలో మూటగట్టి వీధి మూలకు విసరివేయుట అందరు ఎరిగినదే. ఆ సంచులు కుక్కల కంటె ఆవులకు ఎక్కువ ప్రమాదము. పుట్టపర్తిలో 2000 సంవత్సరమున ఏర్పడిన కరుణా సొసైటీవారు ఆవుల కడుపులనుండి శస్త్రచికిత్స చేసి ప్లాస్టిక్ ముద్దలను బయటకు తీసి, 2012లో సర్వోన్నత న్యాయస్థానము వరకు పోయిరి.

ఈ తూర్పు ప్రాంతముననే జరిగిన రెండు ఘోరములను దాచిపెట్టి జీవకారుణ్యమును బోధించుట న్యాయము కాదు. 2023 ఫిబ్రవరిలో అంబరుపేటలో నాలుగేండ్ల బాలుని వీధికుక్కలు కరచి చంపినవి. 2024 జులైలో జవహర్ నగరులోనే ఏడాదిన్నర పసివాడు అట్లే మరణించెను. ఆ తల్లిదండ్రుల ఎదుట నిలిచి సారమేయుని కథ చెప్పగలవాడు ఎవడు? కుక్కకాటు వలన వచ్చు రేబిస్ వ్యాధికి లక్షణములు బయటపడిన తరువాత దాదాపుగా చికిత్స లేదు. ప్రపంచమున ఏటేట సుమారు 59,000 మంది దానివలన చనిపోవుదురని ప్రపంచ ఆరోగ్యసంస్థవారి అంచనా. చనిపోవువారిలో పిల్లలు ఎక్కువ, పేదలు ఎక్కువ. అందుచేత కుక్కలను ప్రేమింపుడని మాత్రము చెప్పి ఊరకుండు పుస్తకము సగము పుస్తకమే.

కుక్కలన్నిటిని చంపివేసిన పీడ వదలునని కొందరు అందురు. మన నగరములలో ఏండ్ల తరబడి ఆ పని జరిగినది, కుక్కలు తరుగలేదు. తిండి ఉన్నంతకాలము ఒక వీధి కుక్కలు పోయినచో పక్కవీధివి వచ్చి చేరును, మిగిలినవి మరల పిల్లలను పెట్టును. అందుచేతనే 2001లో కేంద్రప్రభుత్వము వేరొక మార్గమును నిబంధనలుగా చేసినది. 2023లో వానిని మార్చి మరల ప్రకటించినది. కుక్కను పట్టి, సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, గుర్తుగా చెవి కొనను కొద్దిగా కత్తిరించి, పట్టిన చోటనే విడువవలెను. టీకా పొందిన కుక్కలు నూటికి డెబ్బదివరకు ఉన్నచో ఆ ప్రాంతమున రేబిస్ వ్యాప్తి ఆగునని వైద్యులు చెప్పుదురు. 2025 ఆగస్టులో ఢిల్లీ కుక్కలన్నిటిని శరణాలయములకు తరలింపవలెనని సర్వోన్నత న్యాయస్థానము ఆజ్ఞాపించి, పదిదినములు దాటిన పిమ్మట ఆ ఆజ్ఞను సవరించినది. రేబిస్ సోకినవానిని, మీదబడి కరచువానిని తప్ప మిగిలినవానిని టీకా వేసి మొదటి చోటనే విడువవలెననియు, తిండి పెట్టుటకు ప్రత్యేకమైన చోట్లు ఏర్పరుపవలెననియు, దత్తత కోరువారు దరఖాస్తు చేసికొనవచ్చుననియు చెప్పినది. ఈ తీర్పులో సరమ నీతి కొంత ఉన్నది. తప్పు చేసినదెవరో ముందు తెలిసికొనవలెను. తప్పు లేనిదానిని కొట్టరాదు.

ఇక దత్తత మాట. హైదరాబాదున 1992లో అక్కినేని అమల గారి పూనికతో బ్లూ క్రాస్ సంస్థ ఏర్పడినది. విశాఖపట్టణమున 1996లో జంతుహింసా నివారణ సంఘము వెలసినది. గాయపడినవి, యజమానులు విడిచినవి, తల్లిని కోల్పోయినవి ఇట్టిచోట్లకు చేరును. శరణాలయము మంచిదే గాని అది ఇల్లు కాదు. ఎంత శ్రద్ధగల సంస్థయైనను స్థలము కొలది, మనుష్యులు కొలది. ఒక పిల్లను ఒక ఇంటివారు తీసికొనిపోయిననాడు ఆ బోనులో రోడ్డుమీద బండి క్రింద పడిన మరియొక పిల్లకు చోటు దొరకును. దత్తత వలన రెండు ప్రాణములు నిలుచుననుటకు కారణమిదియే. 2025 ఆగస్టులో హైదరాబాదు నగరపాలక సంస్థవారు బంజారాహిల్సు జలగం వెంగళరావు ఉద్యానమున దేశి కుక్కపిల్లలను దత్తత ఇచ్చు మేళా ఏర్పాటు చేసిరి. వీధిలో పుట్టిన పిల్లను ప్రభుత్వ సంస్థయే పిలిచి ఇచ్చుట ఒక తరము క్రిందట ఊహింపరాని సంగతి.

ఐనను కొత్తగా ఇల్లు కట్టుకొన్న గృహస్థునకు దేశి కుక్కమీద మనసు పోదు. ముఱికికాలువ పక్కన ఉచితముగా దొరకుదాని వలన హోదా ఏముండును? మంచుదేశములకు చెందిన దట్టమైన బొచ్చుకుక్కను వేలకు వేలు పోసి కొనితెచ్చి ఏప్రిల్ నెల ఎండలో మిద్దెమీద కట్టివేయును. దాని బాధ చూడలేక శీతలయంత్రము పెట్టించువాడు కొంత మేలు. ఆ ఖర్చును చూడలేక రాత్రిపూట దూరపు రోడ్డుమీద దానిని విడిచిపోవువాడు సంజీవకమును విడిచిన వర్తకునకు వారసుడు. ఊరకుక్క ఎండకు వానకు తట్టుకొనును, మన అన్నము తిని బ్రతుకును, తక్కువ జబ్బుపడును. హోదా తక్కువన్న ఒక్క లోపమునకు అది ఏమి చేయగలదు?

పుస్తకములును చిత్రములును ఈ వ్యామోహమును పెంచిన సందర్భములు ఉన్నవి. 1996లో వచ్చిన నూటయొక్క డాల్మేషన్ల చలనచిత్రమును చూచి అమెరికాలో పిల్లలు చుక్కలకుక్క కావలెనని మారాము చేసిరి. తల్లిదండ్రులు కొనిరి. తెరమీద ముద్దుగా కనబడిన పిల్ల ఇంటిలో పెరిగి, పరుగెత్తి, సామానులు కొరుకుట మొదలిడగానే అనేకులు వానిని శరణాలయములలో వదలిరి. ఆ కథ మూలమున కుక్కల పక్షమున వ్రాసినదే. రచయిత్రి కోరినదొకటి, జరిగినది వేరొకటి. జంతువు అందమును మాత్రము వర్ణించు పుస్తకము దానికి కొనుగోలుదారుని తెచ్చును, పోషకుని తేదు.

కావున దత్తతను గూర్చి పిల్లలకు వ్రాయువాడు చేదుమాటలను కూడ చెప్పవలెను. కుక్క పది పదునైదేండ్లు బ్రతుకును. ఎనిమిదవ తరగతిలో దత్తత తెచ్చుకొన్న పిల్ల, ఆ బాలుడు ఉద్యోగమునకు పోవునప్పటికి ముసలిదై, కన్నులు మసకబారి, గుమ్మము కడ కాచుకొనియుండును. తండ్రికి బదిలీ అయినప్పుడు దాని గతి ఏమి? పండుగకు ఊరు పోయినప్పుడు దానికి నీరు పోయువారెవరు? ఏటేట టీకా, శస్త్రచికిత్స, దినమునకు రెండుసార్లు నడపించుట ఎవరి వంతు? తల్లికి ఇష్టము లేనిచో ఇంటికి తేరాదు. పనియంతయు చివరకు ఆమె మీదనే పడుచున్నది గనుక ఆమె అభిప్రాయమే మొదట అడుగవలసినది. ఇంటికి తెచ్చుటకు వీలులేనివాడు వాకిట ఒక మట్టిపాత్రలో నీరు పెట్టవచ్చును. చెవి కత్తిరింపు లేని కుక్క వీధిలో కనబడినచో శస్త్రచికిత్సకు నగరపాలక సంస్థవారికి తెలుపవచ్చును. ఇదియు చిన్న పని కాదు.

జాగ్రత్తలును అదే పుస్తకములో ఉండవలెను. పిల్లలను పెట్టిన తల్లికుక్క దగ్గరకు పోరాదు. తినుచున్న కుక్కను, నిద్రించుచున్న కుక్కను తాకరాదు. మొరుగుచు వచ్చినప్పుడు పరుగెత్తరాదు. పరుగెత్తినదానిని తరుముట దాని స్వభావము. కరచినచో గాయమును పదునైదు నిమిషములు సబ్బుతో ధారనీటి క్రింద కడిగి, పసరులు పసుపు పూయక, ఆ దినమే ఆసుపత్రికి పోయి టీకా వేయించుకొనవలెను. తిట్టుదురను భయముతో ఇంటిలో చెప్పక దాచిన పిల్లలు ప్రాణము పోగొట్టుకొనిన సందర్భములు కలవు. లూయీ పాశ్చరు 1885లో మొదటిసారి ఈ టీకా వేసినదియు ఒక బాలునకే.

తెలుగున ఇట్టి పుస్తకములు మిక్కిలి తక్కువ. ఉన్నవానిలో పెక్కు అనువాదములు. దమ్మాయిగూడకు దూరము కాని తార్నాకలో మంచిపుస్తకము సంస్థవారు తక్కువ వెలకు బాలసాహిత్యమును అచ్చువేయుచున్నారు. ప్రథమ్ బుక్సు వారివి తెలుగున దొరకుచున్నవి. పాఠశాల గ్రంథాలయమునకు ఏటేట వచ్చు కొద్ది డబ్బులో పరీక్షల గైడులకు బదులు ఇట్టివి కొనుట ప్రధానోపాధ్యాయుని చేతిలోని పని. ఐనను అనువాదముతో తీరని లోటు ఒకటి ఉన్నది. ఇంగ్లండు గుఱ్ఱము, కెనడా కుక్క మనకు జాలి కలిగింపగలవు. వానిని మన పిల్లవాడు వీధిలో చూడలేడు. చెవి కొన తెగిన కుక్క జవహర్ నగరు చెత్తకుప్పనుండి బయలుదేరి, నాగారము దాటి, దమ్మాయిగూడలో ఒక వాచ్‌మన్ గుడిసె చేరిన కథను తెలుగున వ్రాయవలసినవారు వ్రాయలేదు. ఆ చెవి ఎట్లు తెగినదో చెప్పినను ఒక మంచి అధ్యాయమగును. ఏలయన చెవి తెగిన కుక్కను ఎవరో హింసించిరని చాలమంది పొరబడుచున్నారు. అది టీకా పొందినదనుటకు గుర్తని ఎరుగరు. గుర్తు తెలిసిన పిల్లవాడు భయమును తగిన చోట దాచుకొనును.

అమెరికాలో మిస్సోరి రాష్ట్రపు జంతుసంరక్షణ సంఘమువారు 2015 ప్రాంతమున ఒక వింత ఏర్పాటు చేసిరి. శరణాలయమునకు చేరిన కుక్కలలో కొన్ని మనుష్యులను చూచి బెదరి బోను మూలకు నక్కును. మూల నక్కినదానిని చూడవచ్చినవారు దత్తత కోరరు. దానికై ఆరు మొదలు పదునైదేండ్ల వరకు గల పిల్లలకు శిక్షణ ఇచ్చి, బోను ముందర నేలపై కూర్చుండబెట్టి, పుస్తకము పైకి చదివించిరి. కుక్క వంక సూటిగా చూడరాదు, చేయి చాపరాదు; చదువవలెను, అంతే. చదువు సాగుచుండగా మూలనున్న కుక్క కొంతసేపటికి తల ఎత్తును, మరికొంతసేపటికి కమ్మీల దగ్గరకు వచ్చును. వచ్చినదానికి పిల్లవాడు ఒక తినుబండారము ఇచ్చును. తడబడుచు చదువు పిల్లలను కుక్క వెక్కిరింపదు గనుక వారి చదువును బాగుపడినది. ఈ పనికి భవనములు అక్కరలేదు, పెద్ద ధనము అక్కరలేదు. ఉప్పలునకు సమీపమున ఫతుల్లాగూడలో నగరపాలక సంస్థవారి జంతుసంరక్షణ కేంద్రము ఉన్నది. దమ్మాయిగూడ పిల్లలు పెద్దల వెంట ఒక ఆదివారము అక్కడకు పోవుటకు అనుమతి దొరకినచో, చేతికి తీసికొనవలసిన తెలుగు పుస్తకము ఏదన్న ప్రశ్న మాత్రము మిగిలియున్నది.